అమ్మవారి చీర పక్కన నా చోటు

జొన్నాదులోళ్ళ భావనారాయణ ఆసుపత్రి నుంచి నల్ల కవర్లో సీసా తెచ్చుకున్నాడంట, మగ్గం వదిలి పావుగంటకోసారి లోపలికెళ్ళి గుట్టుగా తాగొస్తున్నాడంట, అరవయ్యేళ్ళొచ్చాక ఇదేం బుద్ధని ఎదురింటి తిరపతమ్మ కుళాయి దగ్గర నలుగురికీ చెప్పిందట. అందులో సగం నిజం. కవరు నల్లదే. లోపల ఉన్నది నేనే. తాగడం సంగతే ఆవిడ తిరగేసి చెప్పింది.

నేను ఒక ప్లాస్టిక్ మూత్రం డబ్బాను. లీటరు పడతాను. నేను పుట్టిన ముద్దలోంచే పుట్టిన కొందరు మంచినీళ్ళ జగ్గులై పెళ్ళి పంక్తుల్లో తిరుగుతున్నారు. మెడ కాస్త వంచి పోసిన పాపానికి నన్ను ఆసుపత్రి మందుల షాపులో పై అర మీద, గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. మనుషులు సిగ్గుపడే వస్తువును నల్ల కవర్లో దాస్తారు. అందులో సిగ్గుపడే వస్తువుందని ఆ కవరే ఊరంతా చెప్పుకొస్తుంది.

భావనారాయణకు మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ. అది తీసేశారు. మళ్ళీ రాకుండా వారానికోసారి గొట్టంతో లోపలికి మందు పంపుతున్నారు. మొత్తం ఆరు వారాలు, మూడు అయ్యాయి. మందు పడ్డాక పరుగే పరుగు. తీరా పడేది నాలుగు చుక్కలు, ఆ నాలుగూ మిరపకాయ కడిగిన నీళ్ళు. "నీళ్ళు బాగా తాగు పెద్దాయనా, మంట తగ్గుద్ది" అంది నర్సమ్మ. మందు పడ్డ రోజు నాలో బ్లీచింగ్ నీళ్ళు పోసి కాసేపు ఉంచాలని కూడా చెప్పింది. ఆయన భార్య శేషారత్నం చెప్పింది చెప్పినట్టు చేసేది.

అంతలో అమ్మవారి కల్యాణం చీర నేసే పని వచ్చింది. తాతల నాటి నుంచి అది వాళ్ళ మగ్గం మీదే నేస్తారు. నేసినన్నాళ్ళూ మడి. దొడ్లోకి వెళ్ళొస్తే తలమీద నీళ్ళు పోసుకోనిదే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టకూడదు. మామూలువాడికి రోజుకు మూడు నాలుగు స్నానాలు. భావనారాయణకు మొదటిరోజు మధ్యాహ్నానికే పద్నాలుగు. పళ్ళు టకటకలాడాయి. సాయంత్రానికి ఆయనకో గొప్ప ఉపాయం తట్టింది. నీళ్ళు తాగడం మానేశాడు! వేల పోగుల్లో ఒక్కటి తెగినా కనిపెట్టే మనిషి, తన ఒళ్ళు ఎండిపోవడం కనిపెట్టలేదు.

రెండు రోజులు మంచం కింద దాదాపు ఖాళీగా ఉన్నాను. మూడోనాడు పొద్దున నాలో అరగ్లాసు పడింది. డికాషన్ రంగు, అడుగున నెత్తుటి పీలికలు. ఆయన మూలుగు వీధిలోకి వినబడింది. శేషారత్నం నన్ను కిటికీ వెలుతురుకు పట్టుకుని చూసింది. నా ఒంటిమీద కొలత గీతలున్నాయని ఆ ఇంట్లో గమనించిన మొదటి మనిషి ఆవిడే. అప్పటికప్పుడు ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నెత్తురు ఆగేదాకా కడుపునిండా నీళ్ళు తాగాలని, వచ్చే వారం మందు మాత్రం ఎగ్గొట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడట.

ఇంటికొచ్చి శేషారత్నం మగ్గానికి కుడిపక్క నీళ్ళ బిందె పెట్టింది. ఎడమపక్క, అందరికీ కనబడేలా, నన్ను పెట్టింది. "ఇక లేవబాక. పక్కకు తిరిగి కానిచ్చి, చేతులు కడుక్కుని నెయ్యి."

మర్నాడు గుడి కమిటీ పెద్ద బుచ్చిరామయ్య చీర ఎందాకా వచ్చిందో చూద్దామని వచ్చాడు. ఆయనకు షుగరు. గంటలో రెండుసార్లు దొడ్లోకి వెళ్ళి, కాళ్ళమీద నాలుగు చుక్కలు చల్లుకుని మడైపోయి వచ్చాడు. రెండోసారి వస్తూ నన్ను చూశాడు. కండువా ముక్కు మీదికి పోయింది.

"ఏంది బావా ఇది, అమ్మోరి చీర పక్కన? ఊళ్ళో అనుకుంటుంటే మందు సీసా అనుకున్నా. అదైనా నయం గదయ్యా!"

భావనారాయణ తల వంచుకున్నాడు.

"చీర అయ్యేదాకా ఆ ఆసుపత్రి మందు ఆపెయ్. ఈ డబ్బా బయట పారెయ్. అమ్మోరు చూసుకుంటది. కాదంటావా, పక్క వీధి మగ్గానికి ఇచ్చేస్తాం."

పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడె ఆగిపోయింది. తాత, తండ్రి, తను. ఆ చీర ఇంకొకరి మగ్గం మీద ఉండటం ఆయన ఊహించుకుంటున్నాడని మొహమే చెబుతోంది.

"పోనీ రత్నం... ఒక్క వారమేగా. ఆపుదాం" అన్నాడు మెల్లగా.

శేషారత్నం నన్ను తీసుకెళ్ళి, పారబోసి, కడిగి, తుడిచి, తెచ్చి అదే చోట పెట్టింది. అప్పుడు బుచ్చిరామయ్య వైపు తిరిగింది.

"అన్నయ్యా, మందు మానితే ఈయన పోతాడు. పోతే పదకొండు రోజులు మైల. పక్క వీధిలో ఉన్నదీ మా దాయాదులే, వాళ్ళ మగ్గాలూ ఆడవు. డబ్బా కావాలో, మైల కావాలో ఇప్పుడే చెప్పి వెళ్ళు."