తల వెనక చోటు

వాసన మెట్ల మీదుగా దిగివచ్చి వంటింట్లోకి దూరింది. ఆవిడ ముందు పొయ్యి వైపు చూసింది, కూర అడుగంటిందేమోనని. అంటలేదు. ఇది వేరే వాసన. కొత్తగా రంగు వేసిన తలుపుకీ ఆసుపత్రి వరండాకీ మధ్యరకం ఘాటు, ముక్కులో మొదలై కళ్ళ దగ్గర తేలేది. ఆవిడకిది కొత్త కాదు. పై వాటాలో ఉండే తోడికోడలు వీడియోలు చూసి తన జుట్టుకి ఇంట్లోనే కెరటిన్ అనే జుట్టు తిన్నగా చేసే మందు పెట్టుకున్న రోజూ ఇల్లంతా ఇలాగే కమ్మేసింది. ఆ రోజు ఆవిడ నవ్వుకుంది. ఇవాళ చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. "పిన్ని దగ్గరికి వెళ్ళొస్తానమ్మా" అని పైకి వెళ్ళిన కూతురు ఇంకా దిగలేదు.

ఆ రోజు ఆదివారం. ఆదివారం కూతురు తలంటుకునే రోజు.

పిల్లది తల్లి జుట్టే. ఉంగరాలు ఉంగరాలుగా, ఒత్తుగా, ఎటు దువ్వితే అటు కాక తన ఇష్టం వచ్చినట్టు నిలబడే జుట్టు. వాళ్ళ నాన్న ముద్దుగా "గుబురూ" అని పిలుస్తాడు. తలంటుకున్న ప్రతిసారీ ఆ గుబురుని విడదీయాలంటే గంట పట్టేది. పిల్ల బాల్కనీ గుమ్మంలో చిన్న పీట మీద కూర్చునేది, తల్లి వెనక కుర్చీ వేసుకునేది. పళ్ళు వెడల్పుగా ఉన్న దువ్వెన, గిన్నెలో నీళ్ళు, ఓపిక. తడి ఆరకముందే చివర్లనుంచి ఒక్కో పాయా విడదీస్తూ పైకి రావాలి.

ఆ గంటలో పిల్ల మాట్లాడేది. మామూలుగా కాలేజీనుంచి వచ్చాక ఏమడిగినా "ఊ", "ఏం లేదు" తప్ప నోరు విప్పని పిల్ల, పీట మీద కూర్చుని వీధి వైపు చూస్తూ అన్నీ చెప్పేసేది. లెక్చరర్లు ఎలా దగ్గుతారో, స్నేహితురాళ్ళలో ఎవరికీ ఎవరికీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేలా ఉందో, పరీక్షలో తను ఏ ప్రశ్న వదిలేసిందో. ముఖాలు ఎదురుపడకపోవడంలో ఏదో మహిమ ఉందని ఆవిడ ఎప్పుడో కనిపెట్టింది. అందుకే చిక్కులు త్వరగా విడిపోయిన రోజున కూడా, ఇంకా ఉన్నట్టు దువ్వెన ఆడిస్తూ కూర్చునేది.

పొయ్యి కట్టేసి పైకి వెళ్ళింది.

"ఎవరు, అక్కా? తలుపు వెయ్యకు, బార్లా తెరిచే ఉంచు. ఘాటు బయటికి పోవాలి," అంది తోడికోడలు మాస్కు వెనకనుంచి.

కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. పిల్ల మెడ చుట్టూ పాత దుప్పటి, కళ్ళు ఎర్రగా, ముఖం మాత్రం వెలిగిపోతూ ఉంది. తోడికోడలు చేతులకి తొడుగులు వేసుకుని, వేడి ఇస్త్రీ పలకల మధ్య సన్నటి పాయ పెట్టి పైనుంచి కిందికి లాగుతోంది. లాగినప్పుడల్లా తెల్లటి పొగ లేస్తోంది.

"అమ్మా చూడు, సగం అయిపోయింది!"

నిజంగానే సగం. కుడిపక్క ఆవిడ కన్న కూతురే ఉంది. ఎడమపక్క ఎవరిదో తల. నల్లటి పట్టుబట్ట వేలాడదీసినట్టు భుజం దాటి జారుతోంది. ఇప్పుడు ఆపమందామన్నా వీలుకాని చోట ఆగి ఉంది వ్యవహారం. సగం తలతో పిల్లని కాలేజీకి ఎలా పంపుతుంది?

"నన్నొక మాట అడగాల్సింది," అంది.

"అడిగితే వద్దంటావుగా."

"అంటానని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరో ఎందుకు, నువ్వే. పిన్ని చేసుకున్నప్పుడు అన్నావుగా, చీపురుపుల్లల్లా వేలాడుతోంది అని."

ఇస్త్రీ పలకలు గాల్లో ఆగాయి.

"అలా అన్నావా అక్కా?"

"నేనా? ఎప్పుడన్నాను? ఈ పిల్ల నోటికి హద్దూ పద్దూ లేదు."

"పోనీలే, చీపురు లేని ఇల్లుందా ఎక్కడైనా," అని తోడికోడలు ఇంకో పాయ అందుకుంది. మాస్కు ఉండబట్టి ఆమె నవ్విందో మూతి ముడిచిందో తెలియలేదు.

ఇక అక్కడ చేసేదేముంది? కూర చూసుకోవాలని చెప్పి ఆవిడ వెనక్కి తిరిగింది. నాలుగు మెట్లు దిగేలోపు పైనుంచి గుసగుస వినపడింది.

"ఊఁ, చెప్పు. తర్వాత టోపీ ఏం చేశాడు?"

"ఏం చేస్తాడు పిన్నీ, నన్ను చూస్తూ చూస్తూ తను దిగాల్సిన స్టాపు దాటిపోయాడు! కండక్టరు తిట్టిన తిట్టు తిట్టకుండా…"

ఇద్దరూ పకపకా నవ్వారు.

ఆవిడ మెట్ల మధ్యలో నిలబడిపోయింది. టోపీ ఎవరు? ఏ బస్సు? ఎన్నాళ్ళనుంచి? "తర్వాత" అంటోందంటే, ముందు జరిగిందంతా అప్పటికే చెప్పేసిందన్నమాట. జుట్టు ఉంగరాలు పోతే పోయాయి, కానీ ఆ మాటలు తనవి. తల వెనక ఎవరు నిలబడితే వాళ్ళకే దక్కుతాయి అవి. ఇవాళ ఆ చోట వేరొకరున్నారు. ఒళ్ళంతా కారం పూసుకున్నట్టు మండింది. ఘాటుకి కళ్ళు ఎలాగూ కారుతున్నాయి కాబట్టి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవాల్సిన అవసరం మాత్రం రాలేదు.

సాయంత్రం పిల్ల దిగివచ్చాక వాళ్ళ నాన్న పేపరు దించి, "ఈ అమ్మాయెవరమ్మా? మా గుబురు ఎక్కడికి పోయింది?" అని హాస్యమాడాడు. తర్వాత కాస్త పరీక్షగా చూసి, "బాగుందే! జుట్టుకి కూడా ఇస్త్రీ చేస్తారని ఇప్పుడే తెలిసింది," అన్నాడు.

బాగుంది. అదే ఆవిడ బాధ. బాగాలేకపోతే సమాధానపడేది.

మూడు రోజులు నీళ్ళు తగలకూడదట. జడ వేయకూడదు, చెవి వెనక్కి దోపకూడదు. పిల్ల మెడ తిప్పకుండా, నెత్తి మీద నీళ్ళకుండ ఉన్నదానిలా ఇల్లంతా తిరిగింది. నాలుగోనాడు పిన్ని తెచ్చిచ్చిన ప్రత్యేకమైన షాంపూతో తలంటుకుని, అయిదు నిమిషాల్లో దువ్వేసుకుని, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బాల్కనీ గుమ్మంలో ఆవిడ వేసిన పీట అలాగే ఉంది.

"టోపీ ఎవరే?" అని ఒకరోజు అన్నం వడ్డిస్తూ యథాలాపంగా అడిగింది.

పిల్ల ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆపి, "ఏ టోపీ?" అంది. అంతే.

ఆవిడకో అలవాటుంది. దేనిమీద అక్షరాలు అచ్చయి ఉన్నా చదవకుండా వదలదు. మందుల అట్టలు, బిస్కెట్ పొట్లాలు, గోడకి వేసే రంగు డబ్బాలు, ఏదీ ఆవిడ కన్ను దాటిపోదు. బట్టలు నానబెడుతూ ఆ షాంపూ సీసా వెనక ఉన్న సన్నటి అచ్చు కూడా చదివింది. మామూలు షాంపూలు వాడితే కెరటిన్ త్వరగా దిగిపోతుందట. సల్ఫేట్ లేని ఈ రకమే వాడాలట.

సీసా పెట్టేసి బట్టలు పిండింది. ఆరేసింది. లోపలికి వచ్చి మళ్ళీ చదివింది.

ఆ ఇంట్లో సీసా మీద పేరుకీ లోపలి సరుక్కీ పొంతన కుదరడం అరుదు. పెద్ద పొట్లం కొని పాత సీసాల్లోకి వంచుకోవడం ఆవిడ పద్ధతి. గిన్నెలు కడిగే సబ్బునీళ్ళు కూల్‌డ్రింకు సీసాలో ఉంటాయి, పప్పు బిస్కెట్ డబ్బాలో ఉంటుంది. కాబట్టి చేతులకి ఆ పని కొత్తగా ఏమీ అనిపించలేదు. ఖరీదైన షాంపూని వేరే ఖాళీ సీసాలోకి వంచి బట్టల సబ్బుల వెనక దాచింది, పారబోయడానికి మనసొప్పక. అసలు సీసాలో రోజూ వాడే షాంపూ నింపి మూత బిగించింది. రెండూ ముత్యంలాంటి తెలుపే.

తర్వాతి ఆదివారం పిల్ల స్నానాలగదిలోంచే అరిచింది. "అమ్మా, ఈ షాంపూ ఇప్పుడు భలే నురుగొస్తోందే!"

"అడుక్కి వచ్చేకొద్దీ చిక్కబడుతుందేమోలే," అంది ఆవిడ, గొంతు తొణకకుండా.

కొన్ని వారాలు గడిచాయి. ఇంట్లో ఇంకెవరూ గమనించకముందే ఆవిడ గమనించింది. మెడ వెనక చిన్న మెలిక. తర్వాత కణత దగ్గర ఇంకొకటి. పట్టుబట్ట అంచు ముడతలు పడ్డట్టు చివర్లు పైకి లేచాయి. పిల్ల అద్దం ముందు నిలబడి నీరసంగా మూతి విరిచినప్పుడల్లా ఆవిడ లోలోపల పండగ చేసుకుంది. ఒక ఆదివారం వెడల్పు పళ్ళ దువ్వెన వెతికి, కడిగి, పీట పక్కన గిన్నెలో నీళ్ళు కూడా సిద్ధం చేసింది.

పిల్ల తడితలకి తువ్వాలు చుట్టుకుని వచ్చి, పీటని దాటుకుని, మెట్ల వైపు నడిచింది.

"ఎక్కడికే?"

"పైకి. పిన్ని మళ్ళీ పెడతానంది. మొదటిసారి తనకి సరిగా చేతకాలేదట, జుట్టుకి పట్టలేదట. ఈసారి మందు ఇంకాసేపు ఉంచి, ఇస్త్రీ ఇంకా ఎక్కువ వేడి మీద లాగుతుందట. సాయంత్రందాకా పడుతుంది, నాకోసం చూడకు."

సాయంత్రందాకా! గంట కోసం తను ఇంత చేస్తే, పూటంతా తీసుకెళ్ళి తోడికోడలి చేతుల్లో పెట్టినట్టయింది. ఉంగరాలు తిరిగొచ్చినప్పుడల్లా పిల్ల పైకే వెళుతుంది. తను దిగదీసినకొద్దీ ఆమె దిద్దుతుంది, దిద్దినంతసేపూ వింటుంది. పీట మీద ఆవిడే కూలబడింది.

అంతలో ఇంకోటి గుర్తొచ్చింది. తోడికోడలు పారేసిన మందు డబ్బా మీద కూడా చదివింది కదా! ఒకసారి పెట్టాక మూడు నెలల లోపు మళ్ళీ పెట్టకూడదు. వేడి ఎక్కువైతే వెంట్రుకలు పెళుసెక్కి మధ్యకి విరిగిపోతాయి. పైన ఉన్నావిడ వీడియోలు చూస్తుందే తప్ప డబ్బాలు చదవదు.

ఊరుకుంటే జుట్టు పోతుంది. చెబితే పరువు పోతుంది. ఘాటు అప్పుడే మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని రెండేసి మెట్లు ఎక్కింది.

"ఆగు! ఇంకా పూయలేదు కదా?"

"లేదక్కా, ఇప్పుడే కలుపుతున్నాను. ఏమైంది?"

"మొదటిసారి నువ్వు సరిగ్గానే పెట్టావు." ఈ మాట గొంతులోంచి పెకలించుకోవాల్సి వచ్చింది. అసలు తప్పు ఒప్పుకోవడమే దీనికంటే సులువనిపించింది. "చక్కగా పట్టింది. నీ పనిలో వంక లేదు. సీసాలో షాంపూ నేను మార్చాను. మామూలుది పోశాను."

"అదా సంగతి!" తోడికోడలు మాస్కు గడ్డం కిందికి లాగింది. "నేనేమో నా చేతులకి ఏం రోగమొచ్చిందా అని తిట్టుకు చస్తున్నాను. బాగుందక్కా, బాగుంది."

పిల్ల కుర్చీలోంచి లేచి ఇటు తిరిగింది. "ఎందుకు?"

"ఆదివారం నువ్వు నా దగ్గర కూర్చోవడం మానేశావు. నాకేమీ చెప్పడం లేదు. అన్నీ పిన్నికే…"

"దానికి నా జుట్టు పాడుచేస్తావా?"

"పాడెక్కడైందే? నీ జుట్టు నీకొచ్చింది, అంతేగా!"

ఇది అనకుండా ఉండాల్సిందని అన్నాక తెలిసింది. తోడికోడలు ముఖం పక్కకి తిప్పుకుంది. నవ్వుతోందని భుజాలు చెప్పాయి.

"నువ్వేం నవ్వకు పిన్నీ," అని పిల్ల అటు తిరిగింది. "టోపీ సంగతి ఎవరికీ చెప్పనని ఒట్టేశావు. బాబాయికి చెప్పేశావు కదూ? నిన్న నన్ను చూడగానే అల్మరాలోంచి టోపీ తీసి పెట్టుకుని మరీ ఎదురొచ్చాడు. 'ఏ స్టాపులో దిగాలి తల్లీ' అన్నాడు!"

"అయ్యో, ఆయనంతే! నోట్లో నువ్వుగింజ నానదు. నేనేదో మాటవరసకి…"

ఆవిడ మనసు, ఉన్న పరిస్థితి మర్చిపోయి, ఒక్క గంతు వేసింది. తోడికోడలి ముఖం జేవురించడం కళ్ళారా చూసింది.

"మీ ఇద్దరికీ నా తల ఆటవస్తువులా ఉంది," అని పిల్ల దుప్పటి తీసి కుర్చీలో పడేసింది. "ఇకనుంచి నా జుట్టు సంగతి నేనే చూసుకుంటాను. ఒకళ్ళు తడపక్కర్లేదు, ఒకళ్ళు కాల్చక్కర్లేదు." దబదబా దిగిపోయింది. కింద గది తలుపు ధడేలున పడింది, గడియ పడింది.

తోడికోడలు కలిపిన మందుకి మూతపెట్టింది. ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూడకుండా కిందికి దిగారు, ఒకళ్ళు ముందు దిగితే రెండోవాళ్ళు వెనకబడతారన్నట్టు పక్కపక్కనే. ఇరుకు మెట్ల మీద భుజాలు రాసుకున్నాయి.

"అన్నం తిందువుగాని రా, తల్లీ," అంది ఆవిడ గది తలుపు ముందు నిలబడి.

"బాబాయిని నేను చూసుకుంటాలే, నువ్వు తలుపు తియ్యి బంగారం," అంది తోడికోడలు.

లోపల దువ్వెన నడుస్తున్న చప్పుడు. మధ్యలో ఎక్కడో చిక్కుబడి ఆగడం, పిల్ల ఇస్ అనడం. ఆ తర్వాత మాట. మెల్లగా, గబగబా, ఆగకుండా. ఫోనులో ఎవరితోనో చెబుతోంది. చెబుతూ చెబుతూ నవ్వింది, తల్లి దగ్గరా పిన్ని దగ్గరా నవ్వని నవ్వు, గొంతు దించి.

"ఎవరితో?" అని గొణిగింది ఆవిడ. "టోపీయేనా?"

"టోపీ కాదు. టోపీతో అసలింకా మాటే కలవలేదు." తోడికోడలు చెవి రిక్కించింది. క్రమంగా ఆమె పెదవులు బిగుసుకున్నాయి. "ఇది వేరే ఎవరో. నాకు చెప్పలేదే!"

ఆ అనడంలోని ఉక్రోషం ఆవిడకి బాగా తెలుసు. ఇన్ని వారాలూ దాన్నే నంజుకుని అన్నం తింది. జాలిపడదామనుకుంది గానీ రాలేదు. లోపల మళ్ళీ నవ్వు వినపడింది. ఆవిడ తలుపుకి చెవి ఆనించింది.

"కాస్త జరుగక్కా, నన్నూ విననీ."

"అటుపక్క సందుంది చూడు, అక్కడ పెట్టుకో," అంది ఆవిడ, ఉన్నచోటునుంచి అంగుళం కదలకుండా.