చింతపండుతో తోమిన గాలాలు

ఇత్తడి నల్లబడి కనిపిస్తే ఎలీసమ్మ చెయ్యి ఊరుకోదు. రాజోలు వైపు ఆడవాళ్ళకి అదొక జబ్బు. ముబారక్ అల్ కబీర్‌లోని ఆ అరబ్బుల ఇంట్లో పనికి చేరిన దగ్గర్నుంచి కాఫీ కూజాలూ, తలుపు గడియలూ చింతపండూ ఉప్పూ వేసి తోమి, మామా అని పిలిచే యజమానురాలి చేత ఎన్నోసార్లు శభాష్ అనిపించుకుంది. ఆ శభాషే చివరికి కొంప ముంచింది.

ఆ పొద్దున చెల్లెలు కేథరిన్ ఎవరి ఫోనో అడుక్కుని మాట్లాడింది. కబ్ద్‌లో ఒక తోట ఇంట్లో పనిచేసే పిల్ల. అక్కడి యజమానురాలు చేతిమీద ఇస్త్రీపెట్టె ఆనించిందట. గోడ దూకి రోడ్డు దాకా పరిగెత్తితే పోలీసులు ఠాణాలో కూర్చోబెట్టారు. కఫీల్‌కి, అంటే వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న యజమానికి, కబురు వెళ్ళింది. ఆయన వస్తే మళ్ళీ ఆయన చేతికే అప్పగిస్తారు. ఎవరైనా పెద్దమనిషి ఒక మాట చెబితే మాత్రం ఎంబసీకి పంపుతారు.

"మీ బాబా చేత ఒక్క ఫోను సేయించక్కా. నన్ను మళ్ళీ ఆ ఇంటికి పంపితే నేను బతకను," అంది కేథరిన్.

ఎలీసమ్మ యజమాని, అందరూ బాబా అని పిలిచే ఆయన, చెడ్డవాడు కాదు. పైగా ఆ ఠాణా అధికారి ఆయనకి పినతండ్రి కొడుకు. సంగతి విని, "తప్పకుండా చెబుతాను. స్నానం చేసి, నా చేపల పెట్టె ఒకసారి చూసుకుని ఫోను చేస్తాను," అన్నాడు. సాయంత్రం ఆయన కెనడా వెళ్తున్నాడు. ఏటా అక్కడి నదుల్లో ట్రౌటు, స్టీల్‌హెడ్ చేపలు పట్టడం ఆయన సరదా. ఇంటి ముందు సముద్రం నిండా చేపలుండగా విమానమెక్కి పోయి పట్టేదేమిటో ఎలీసమ్మకి ఎన్నడూ బోధపడలేదు. డబ్బున్నవాళ్ళ సరదాకి దారీ తెన్నూ ఉండదని సరిపెట్టుకుంది.

పెట్టె సిద్ధంగా పెడితే పని త్వరగా తెములుతుందని మూత తీసింది. లోపల వేలెడంత గాలాలు. ఒక్కోదానికి తీగమీద గిర్రున తిరిగే చిన్న ఇత్తడి రేకు. స్పిన్నర్లంటారు వాటిని. రేకులన్నీ మసిబారి ఉన్నాయి. సాయం అడిగి, ఇంత మురికి పెట్టె ఆయన చేతికిస్తే ఏం బాగుంటుంది? తళతళలాడేలా చేసి పెడితే ఆయన సంతోషించి వెంటనే ఫోను చేస్తాడనుకుంది. బాబా స్నానం ముగించేలోగా చింతపండు పిసికి అన్నీ తోమేసింది. తుప్పు పట్టకుండా కాస్త కొబ్బరినూనె కూడా రాసింది.

బాబా పెట్టె తెరిచి, ఒక గాలం తీసి వాసన చూశాడు.

"ఏం చేశావు?"

"క్లీన్ చేశాను బాబా. బాగా నల్లగా ఉన్నాయి."

ఆ నలుపు మురికి కాదట. ఏళ్ళ తరబడి నదుల్లో నాని, గాలికి ఆరి, ఆయన కావాలని పట్టనిచ్చిన నలుపట. అక్కడి నీళ్ళు తేటగా ఉంటాయట. రేకు మరీ మెరిస్తే చేప బెదిరి పోతుందట. దానికి తోడు ఈ నూనె వాసనొకటి. ఇదంతా ఆయన గొంతు పెంచకుండానే చెప్పాడు. అరిచినా బాగుండేది అనుకుంది ఎలీసమ్మ. అరిచేసిన మనిషికి కోపం అక్కడితో దిగిపోతుంది.

"ఫోను బాబా..."

"ముందు హవల్లీ వెళ్ళి కొత్తవి కొనాలి. యల్లా," అంటూ కారు తాళం తీసుకుని బయల్దేరాడు.

కళ్ళెదుట ఉంటే ఆయనకి గుర్తుంటుందని తనే వెళ్ళి కారు వెనక సీట్లో కూర్చుంది. తప్పు తనది కాబట్టి దారి పొడుగునా నోరెత్తలేదు.

హవల్లీలోని చేపల సామాను కొట్టులో అమ్మేవాడు అబ్బులు, అమలాపురం దగ్గరి మనిషి. శుక్రవారాలు బజారులో కనిపిస్తే ఎలీసమ్మని అక్కా అని పలకరిస్తాడు. బాబా తన ఫోను గాజు బల్లమీద పెట్టి స్పిన్నర్లన్నీ తీయమన్నాడు. సముద్రంలో వేటాడేవాళ్ళ కొట్టులో నది గాలాలు అడిగేవాళ్ళు తక్కువ. అబ్బులు అడుగు అరలోంచి దుమ్ము దులిపి తెచ్చాడు.

ఇక ఎంపిక మొదలైంది. పెళ్ళి చీరలు చూసే మేనత్త కూడా అంత చూడదు. వెండి రంగా, రాగి రంగా, నలుపా? గుండ్రటి రేకా, కోల రేకా? గుండ్రటిది నిదానంగా పారే నీళ్ళలో బాగా తిరుగుతుందట, కోలది ఉరవడిలో లోతుకి దిగుతుందట. ఒక్కోటీ అరచేతిలో పెట్టుకుని బరువు చూసి, పక్కన పెట్టి, మళ్ళీ తీస్తున్నాడు.

"ఏంటక్కా, మొహం అలాగుంది?" అన్నాడు అబ్బులు తెలుగులో.

ఎలీసమ్మ నాలుగు ముక్కల్లో చెప్పింది. "నీకు దండం పెడతాను తమ్ముడూ. ఏదో ఒకటి సేతిలో పెట్టి తెమిల్చెయ్. ఆయన ఫోను సెయ్యాలి."

అబ్బులు జాలిగుండెవాడు. నల్ల రేకుల గాలాలు నాలుగు తీసి బాబా ముందు పెట్టి, "ఇవే మంచివి బాబా. అందరూ ఇవే పట్టుకెళ్తారు," అన్నాడు అరబ్బీలో.

బాబా తల ఎత్తాడు. "అందరూ అంటే ఎవరు? అమ్ముడుపోనివా ఇవి?"

ముత్యాల వ్యాపారి మనవడాయన. అమ్మేవాడు తొందరపెట్టాడంటే కొనేవాడు నిదానించాలని ఉగ్గుపాలతో నేర్చుకున్నాడు. బకెట్‌తో నీళ్ళు తెప్పించి, చొక్కా చేతులు పైకి మడిచి, ఒక్కో గాలాన్నీ దారానికి కట్టి నీళ్ళలో లాగి చూడడం మొదలుపెట్టాడు.

"ఈ చేప సముద్రంలో పెరిగి నది ఎక్కుతుంది," అన్నాడు హుషారుగా.

"మా గోదావరి పులస లాగే," అన్నాడు అబ్బులు.

"నది ఎక్కాక దానికి ఆకలి ఉండదు. కోపం వచ్చి కొరుకుతుంది. దానికి కోపం తెప్పించడంలోనే ఉంది విద్యంతా."

కోపం ఎలీసమ్మకి వచ్చింది. బకెట్లో ఆడుతున్న ఆ చేతిని కొరికేయాలన్నంత కోపం. దాన్ని మింగేసి, "ప్లీజ్ బాబా, ఫోను," అంది.

"ఒక్క నిమిషం," అన్నాడాయన, నీళ్ళమీంచి చూపు తిప్పకుండా.

మసీదులో మధ్యాహ్నం బాంగు వినిపించింది. ఎలీసమ్మ గోడకి ఆనుకుని, ప్రభువా, ఆ కఫీల్ కారు దారిలో ఆగిపోవాలి అని ప్రార్థించింది. ఒకరి చెడు కోరి ప్రార్థించడం ఆమెకి అదే మొదలు.

చివరికి బాబా ఎంచుకున్నవి అబ్బులు మొదట పెట్టిన నల్ల రేకులే. అప్పుడు, చేతులు తడిగా ఉన్నాయని, ఫోను బల్లమీదే ఉంచి స్పీకరు నొక్కాడు. ఇంటిల్లిపాదీ క్షేమ సమాచారాలు అయ్యాయి. కెనడా వాతావరణం అయింది. ఆ తర్వాత అసలు మాట వచ్చింది. ఎలీసమ్మకి వంటింటి అరబ్బీ తప్ప ఇంత జోరు అరబ్బీ అందదు. చెల్లెలి పేరు రెండుసార్లు వినపడింది. బాబా ఫోను జేబులో వేసుకున్నాడు.

"ఖలాస్, ఎలీసమ్మా."

అన్నం వండడం అయితే ఖలాస్. బట్టలు ఉతకడం అయితే ఖలాస్. ఆ ఇంట్లో ఆమె పూటపూటా అనే మాట, వినే మాట అదే. ఆమె ఆయన తడి చేతిని రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుంది. "సల్లగా ఉండాలి బాబా మీరు," అంది తెలుగులో. ఆయన ఆమె మొహం చూడకుండా చెయ్యి విడిపించుకుని కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

"ఇయ్యాలే ఎంబసీకి పంపేత్తారంటావా తమ్ముడూ? కట్టుబట్టలతో వచ్చేసింది. నాయే రెండు జతలు పట్టుకెళ్ళాలి."

అబ్బులు గాలాలు కవర్లో పెడుతూ తల ఎత్తలేదు.

"ఆ ఖలాస్ కాదక్కా. కఫీల్ వచ్చి తీసుకుపోయాడంట."

"ఎప్పుడు?"

"ఇందాకే. బాంగు అయ్యాక." అతను కవరు ముడి వేశాడు. "ఆ పిల్ల కారెక్కనని మొండికేసిందంట. మా అక్కోళ్ళ బాబా ఫోను సేత్తారు, కాసేపాగండని ఏడ్చిందంట. అయ్యో పాపమని ఆ ఆఫీసరు కూడా ఆగాడంటక్కా. ఎంతకీ ఫోను రాపోతే, అప్పుడు ఎక్కించారంట."

"నేనే సంపుకున్నాను దాన్ని," అంది ఎలీసమ్మ.

బయట బాబా హారన్ కొట్టాడు. ఆమె కవరు తీసుకుని వెళ్ళి వెనక సీట్లో కూర్చుంది.