మంచు పడే దాకా

మా లైబ్రరీలో హక్కుల వ్యవహారం చూసేది మారిట్. దేన్ని కాపీ చేయవచ్చో, దేన్ని నెట్‌లో పెట్టవచ్చో ఆమే తేల్చాలి. ఆ చట్టం ఆమెకు కొట్టిన పిండి. ఈ వేసవి మొదట్లో పాత టేపులన్నీ లోకమంతా వినేలా నెట్‌లో పెట్టింది. వాటిలో ఓజిబ్వే అనే ఇక్కడి ఆదివాసీ తెగకు చెందిన ఓ అవ్వ చెప్పిన కథలున్నాయి. రికార్డు చేసిన ప్రొఫెసరు ఎప్పుడో పోతే, హక్కుదారుగా అతని కొడుకు సంతకం చేశాడు. మేమంతా కేకు కోసి చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

జులైలో, నడివేసవిలో, అవ్వ మనవరాలు జెరల్డీన్ వచ్చింది. ఆమె జుట్టూ నెరిసిపోయింది.

"ఆ కథలు నేల మీద మంచున్నప్పుడే చెప్పాలి, అప్పుడే వినాలి. బయట చూడు, దోమలు పీక్కుతింటున్నాయి" అంది.

"సంతకం ఉందండీ, చట్టప్రకారం..." అంది మారిట్.

"నోరు మా అవ్వది. మిషను ఆయనది. సంతకం వాళ్ళబ్బాయిది. బానే ఉందమ్మాయ్ మీ చట్టం."

మారిట్ తల దించుకుంది. ఆ ఆచారం మా ఊళ్ళో అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. చట్టంలో కాలాల ఊసు లేదు గనుక దాన్ని పట్టించుకోలేదు. పెద్ద చదువులు మాకు నేర్పే తెలివి ఇదే.

"తప్పు నాదే. ఇప్పుడే తీసేస్తాను."

"నీ ఒక్కదానిదే కాదులే" అంది జెరల్డీన్, గొంతు తగ్గించి. "నేనూ విన్నాను. నా చిన్నప్పుడే పోయిన అవ్వ గొంతు మళ్ళీ వినపడితే ఆపలేకపోయాను. చివరిదాకా విన్నాను. ఎండాకాలంలో వినొద్దని నాకు చెప్పింది ఆవిడే."

మారిట్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తను చేసిన తప్పు ఇంకొకరి చేత తప్పు చేయిస్తుందని ఆమె అనుకోలేదు. నేనూ అనుకోలేదు, నాకూ సిగ్గేసింది.

నెట్‌లోంచి కథలన్నీ తీసేసింది. ఈలోగా ఎవరెవరు కాపీ చేసి దాచుకున్నారో ఎవరికీ తెలియదు. ఆ మాటా దాచకుండా చెప్పింది. తర్వాత మెల్లగా, "మీకొక్కరికే ఓ కాపీ ఇస్తాను, ఇంటికి పట్టుకెళ్ళండి" అంది.

జెరల్డీన్ చెయ్యి ముందుకొచ్చి ఆగిపోయింది.

"వద్దు. చేతిలో ఉంటే మంచు పడేదాకా ఆగలేను. నీ దగ్గరే దాచు."

"నా దగ్గరా? ఇంత జరిగాక కూడానా?"

"మరి ఎవరి దగ్గర దాచమంటావు? ఈలోగా నేనొచ్చి ఏడ్చి అడిగినా ఇవ్వకు."