అవతలి ఒడ్డున భోజనం

పోర్టో నగరం తనకు కొట్టిన పిండి అని బెల్మీరు నలభై ఏళ్లుగా చెబుతున్నాడు. కొండ ఊళ్లో అతనికి గడ్డాలు గీసే దుకాణం ఉంది. మొహం నిండా నురగతో కూర్చున్నవాడు ఎదురు చెప్పలేడు కదా, అందుకని అతను పటాలంలో ఉన్నప్పుడు ఆ నగరంలో గడిపిన పదకొండు నెలల సంగతీ ఊరందరికీ కంఠతా వచ్చేసింది. భార్య ఎతెల్వీనా మాత్రం ఆ నగరం మొహం ఎన్నడూ చూడలేదు.

ఆ జూన్‌లో ఆమె అక్క ఒతీలియా నదికి అవతలున్న గాయాకు కాపురం మార్చి, ఇద్దరినీ మధ్యాహ్నం భోజనానికి పిలిచింది.

పోర్టోలో రైలు దిగగానే ఎతెల్వీనా, "ఎవరినైనా దారి అడుగుదామా?" అంది.

"నేనుండగానా? నలుగురూ నవ్విపోతారే!" అన్నాడు బెల్మీరు.

నది వైపు దిగే మెట్ల సందుల్లో పడ్డారు. దిగారు, మలుపు తిరిగారు, ఎక్కారు, మళ్లీ దిగారు. ఒక గుమ్మం ముందు బొగ్గుల మీద చేపలు కాలుస్తున్న లావుపాటి ఆవిడ వాళ్లను చూసి మొదటిసారి నవ్వింది. రెండోసారి చెయ్యి ఊపింది. మూడోసారి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏం పెద్దాయనా, మా సందు అంత నచ్చిందా? ఇల్లేమైనా అద్దెకు చూడనా?"

"మా ఆవిడకు ఊరు చూపిస్తున్నాను."

"చూపించు, కాదన్లేదు. కానీ మూడుసార్లూ నా చేపలనే చూపిస్తున్నావు!"

పై కిటికీలో బట్టలు ఆరేస్తున్నవాళ్లు పక్కున నవ్వారు. బెల్మీరు చెవులు ఎర్రబడ్డాయి. ఎతెల్వీనా నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. ఆ చేపలావిడ, జుల్మీరా, ఆమెను కూర్చోబెట్టి, అక్క ఉండే వీధి పేరు అడిగి తెలుసుకుని, రొట్టె మీద ఒక చేప పెట్టి ఇచ్చింది.

"తిను అక్కా. ఈ మగాళ్లకు అన్నింటికీ నోరు లేస్తుంది, దారి అడగడానికి మాత్రం పెగలదు."

బెల్మీరుకు రోషం వచ్చింది. విసవిసా దిగి వెళ్లాడు. విచిత్రం, ఈసారి నది కనిపించింది! రేవులో జనంతో నిండిన పడవ ఒకటి ఉంది. "ఇదేనే అవతలికి పోయేది! త్వరగా రా!" అని అరిచి ఎక్కేశాడు. ఎతెల్వీనా రొట్టె పట్టుకుని లేచేసరికి తాడు విప్పేశారు.

"అయ్యో, అది అవతలికి పోదక్కా," అంది జుల్మీరా. "వంతెనలన్నీ తిప్పి చూపించి, గంటకు మళ్లీ ఇక్కడే దింపుతుంది."

"మరి అవతలికి ఎట్లా పోవాలి?"

జుల్మీరా పట్టకారుతో చూపించింది. ఎదురుగా కొండంత ఇనుప వంతెన. "నడిస్తే ఐదు నిమిషాలు."

ఎతెల్వీనా జన్మలో చర్చి దాటి ఎక్కడికీ ఒంటరిగా వెళ్లలేదు. సంచి గట్టిగా పట్టుకుని వంతెన మీద అడుగుపెట్టింది. సగం దాటేసరికి పడవ కిందకు వచ్చింది. ముందు భాగంలో విదేశీయుల మధ్య బెల్మీరు చేతులు చాచి ఏదో వివరిస్తున్నాడు. వాళ్లు అతన్నే ఫోటోలు తీస్తున్నారు. అతను తలెత్తి భార్యను చూశాడు.

"ఎతెల్వీనా! ఈ పడవ ఎక్కడికి పోతుందో ఎవరినైనా అడగవే!"

ఆమె కమ్మీ మీదుగా వంగింది. "నీకు తెలిసిన ఊరేగా!"

విదేశీయులకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా అందరూ ఆమెకు చేతులు ఊపారు. ఆమె కూడా ఊపింది. పడవ కనుమరుగైనా అక్కడే నిలబడింది. ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కినట్టున్న ఇళ్లు, ఎర్రటి కప్పులు, తళతళలాడే నీళ్లు. పక్కన ఎవరూ వివరించకపోతే ఊరు ఎంతో బాగుంది.

ఒతీలియా ఇంట్లో ఎతెల్వీనా ఉప్పుచేపా బంగాళాదుంపలూ రెండుసార్లు వడ్డించుకుంది. మూడున్నరకు తలుపు చప్పుడైంది. ఎండకు ముక్కు కమిలిన బెల్మీరు, వెనకే అతని చొక్కా పట్టుకుని జుల్మీరా.

"నీ మనిషిని తెచ్చానక్కా. వంతెన చూపిస్తే ఎడమకు తిరగబోయాడు."

ఒతీలియా ఇద్దరినీ కూర్చోబెట్టి వడ్డించింది. రెండు ముద్దలు దిగాక బెల్మీరు గొంతు సవరించుకున్నాడు. "అసలు ఆ వంతెన కట్టినప్పుడు..." ముగ్గురు ఆడవాళ్లూ ఒకేసారి అతని వైపు తిరిగారు. అతను చేప ముల్లు తీసుకోవడంలో మునిగిపోయాడు.

చల్లబడ్డాక ఎతెల్వీనా శాలువా కప్పుకుంది. "వంతెన దాకా వెళ్లొస్తాను."

"నేనూ రానా?" అన్నాడు బెల్మీరు.

"రా. కానీ నోరు విప్పావంటే అక్కడే వదిలేసి వస్తా."