అదృష్టపు కన్ను

మా భవ్యశ్రీకి ఆరేళ్లు. ఎడమ కన్ను ముక్కువైపు తిరిగి ఉంటుంది. గద్వాలలో మగ్గాల ఇల్లు మాది. ఆ కన్ను సంగతి ఎత్తితే చాలు, మా అత్తమ్మ జములమ్మ మురిసిపోయేది. "నాది గూడ గిట్లనే ఉంది. మెల్లకన్ను అదృష్టం, ముట్టొద్దు" అనేది. వినీ వినీ ఒళ్లు మండి, ఆమెకు చెప్పకుండానే బిడ్డను దవాఖానకు తీసుకెళ్లాను.

డాక్టరమ్మ కళ్లద్దాలు రాసి, బాగున్న కన్నును రోజూ కొన్ని గంటలు మూసి ఉంచమంది. చిన్నప్పుడైతేనే రెండో కన్ను పని నేర్చుకుంటుందట.

ఇంటికొచ్చి పట్టీ అంటించగానే బిడ్డ ఏడుపందుకుంది. "నాకేం కనవడ్తలేదు నాయనమ్మా."

అత్తమ్మ నన్ను కసిరింది. "మంచి కన్ను మూస్తే గట్లనే ఉంటది. రెండోదాంతోని ఎవరికి కనవడ్తది?"

నేను ఒక కన్ను మూసుకుని మగ్గం మీది అంచులో నెమళ్లను పైకి లెక్కపెట్టాను. ఆ కన్ను తెరిచి, రెండోది మూసుకుని మళ్లీ లెక్కపెట్టాను. అదే లెక్క వచ్చింది.

అత్తమ్మ కొంగుతో తన మంచి కన్ను మూసుకుని, తడుముకుంటూ బిడ్డ పక్కన కూర్చుంది.

"అరవయ్యేండ్లాయె. అందరికి ఒక్క కంటితోనే కనవడ్తదనుకున్న" అంది. "పద్మజా, ఆ పట్టీ జర గట్టిగ అంటివెట్టు."