పెండ్లికొడుకు వచ్చేదాకా

మా బుక్కరాయసముద్రం కమ్యూనిటీ రేడియోలో వారం రోజులు జాజ్ వేస్తానంటే అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. వేసి తీరాను.

సోమవారం తొమ్మిది నిమిషాల శాక్సఫోన్ పాట ఇంకా అవనేలేదు, ఫోన్ మోగింది. మా ఊరి పెళ్ళిబ్యాండు మాస్టరు ఇమ్మానుయేల్ అన్న.

"ఏమ్మా గౌతమీ, పెండ్లికొడుకు ఇంగా రాలేదా? పాపం, ఆయప్ప ఒకటే పాట ఎంతసేపని సాగదీస్తాండాడు!"

పెళ్ళికొడుకు ఆలస్యమైతే, కారు కనబడేదాకా అదే పాటను అటు తిప్పి ఇటు తిప్పి నడిపించడం బ్యాండువాళ్ళ పని. జాజ్ అంటే ఏమిటో చెప్పడానికి నేను రాసుకున్న మూడు పేజీలూ చించేసి, ఆయన మాటే మైకులో చెప్పాను. ఇక మర్నాటినుంచి ప్రతి పాటకూ శనక్కాయలు ఒలిచే ఆడవాళ్ళ ఫోన్లే: "వచ్చినాడా?"

శనివారం ఇమ్మానుయేల్ అన్ననే స్టూడియోకి పిలిచాను. క్లారినెట్ మీద ఒక పెళ్ళిపాట ఎత్తుకున్నాడు, వదిలేశాడు, ఎక్కడెక్కడో తిరిగి మళ్ళీ పట్టుకున్నాడు. నేను కుర్చీలో కూర్చుంటే ఒట్టు. అరగంట దాటింది. ఆపమని చేతులూపితే తల అడ్డంగా ఊపాడు. ఎవరూ రాకుండా ఎట్లా ఆపుతాడు?

అంతలో తలుపు తెరుచుకుంది. తరువాతి కార్యక్రమంలో పంట తెగుళ్ళ గురించి మాట్లాడాల్సిన వ్యవసాయాధికారి దివాకర్ గారు, చేతిలో ఎండిన శనక్కాయ మొక్కతో లోపలికొచ్చారు. ఇమ్మానుయేల్ అన్న కళ్ళు మెరిశాయి. గోడలదిరేట్టు ఒక్క ఊపు ఊది, టక్కున ఆపి, వంగి దండం పెట్టాడు.

నేను మైకు పట్టుకుని అరిచాను:

"వచ్చినాడప్పో!"