హార్మోనియానికి అద్దాలపెట్టె, నాకు మూల

నేను ఒక తిరగలిని. మా వంశం కొండంతది. ఇది అతిశయోక్తి కాదు. పాలమెట్ట ఊరి వెనుకనున్న కొండనుంచే నన్ను తొలిచి తీశారు. రెండు రాళ్ళు, ఒక కొయ్యపిడి, నడినెత్తిన ఒక కన్ను: విధాత ఎవరికైనా ఇంతకు మించి ఇవ్వనక్కరలేదని చిరకాలం నమ్మాను. ఆ నమ్మకాన్ని చెడగొట్టినది ఒక హార్మోనియం.

కొత్తగా కాపురానికి వచ్చిన సన్యాసమ్మ నాలో చోళ్ళు, అంటే రాగులు, విసురుకునే రోజుల్లో, సోమేశ్వరంగారనే సుప్రసిద్ధ స్వరకర్త ఆ ఇంటి ముందుగదిలో దిగారు. ఎంతకీ కుదరని ఒక గీతం కొండగాలికైనా కుదురుతుందేమోనని ఆయన ఆశ. వెంట శిష్యుడు పేరయ్య, అతని నెత్తిన ఆ పెట్టె. తెల్లని మెట్లు, ఇత్తడి పూలు, పట్టు ముసుగు! మర్నాటికే పొగమంచుకు తిత్తి చెమ్మగిల్లింది. ఆ మహారాజ్ఞి ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ దగ్గింది తప్ప పాడలేదు.

ఒక ఉదయం, గదిలోంచి ఆయన కూనిరాగం నా తిరుగుడును పట్టుకుని నడవసాగింది. చప్పుడు అతిథికి ఇబ్బందేమోనని సన్యాసమ్మ చెయ్యి ఆపింది. రాగమూ ఆగింది.

“రాయి... రాయి...” అన్నారాయన, కళ్ళు తెరవకుండానే.

పేరయ్య కలం పట్టుకున్నాడు. “చిత్తం గురువుగారూ. ఏం రాయమంటారు?”

సన్యాసమ్మ ఫక్కున నవ్వింది. “నిన్ను కాదు బావూ. మా రాయిని తిప్పమంతన్నారు.”

నేను తిరిగాను. లోకమంతా మెచ్చిన గీతం పుట్టింది.

కాలక్రమాన స్వరకర్త కీర్తిశేషులయ్యారు, ఇల్లు స్మారక మందిరమైంది. యాత్రికులు బస్సుల్లో కొండెక్కి వచ్చి, చెప్పులు విడిచి, అద్దాలపెట్టెలోని ఆ దగ్గులమారికి దండాలు పెడతారు. పక్కనే పాలరాతి ఫలకం: ‘ఈ హార్మోనియం చెంత గురువుగారు “రాయి, రాయి” అని ఆజ్ఞాపింపగా శిష్యుడు గీతమును రాసికొనెను.’ నా దాయాది అయిన ఆ పాలరాయి మీద, నా పేరే చెక్కి, ఘనత పెట్టెకు కట్టబెట్టారు. అసూయ కూడదని బోధించే పెద్దలకు ఇలాంటి దాయాదులు ఉండి ఉండరు.

నిరుడు మందిరం నిర్వాహకుడు కామేశం, నేను జనం కాళ్ళకు అడ్డుపడుతున్నానని తేల్చాడు. నన్ను కాలువ పక్కన కాళ్ళు కడుక్కునే రాయిగా వేయమన్నాడు. కూలీలు నన్ను ఎత్తబోతుండగా కర్ర పొడుచుకుంటూ ముసలి సన్యాసమ్మ వచ్చింది. అక్కడున్న యాత్రికురాలిని అడిగింది.

“ఆ పలక మీద ఏటి రాసినారమ్మా?”

ఆమె చదివి వినిపించింది.

“ఇన్నావా కామేసం బావూ? మా రాయి పేరే ఎట్టినారు. పేరెట్టిన రాయి మీద కాళ్ళు కడుగుతారేటి?”

“అది క్రియ మామ్మా. రాయమని అర్థం.”

“అప్పుడు నువ్వున్నావేటి?”

కామేశం వ్యాకరణం విడిచి ఫలకాన్ని మళ్ళీ చదువుకున్నాడు. యాత్రికులు నవ్వారు, కూలీలు నన్ను అక్కడే వదిలేశారు.

సన్యాసమ్మ చతికిలబడి, కొంగులోని చోళ్ళు గుప్పెడు నా కంట్లో పోసి, పిడి పట్టింది. నాలుగు చుట్లు తిరిగానో లేదో, ఆ యాత్రికురాలు తనకు తెలియకుండానే ఆ గీతం అందుకుంది.

ఎదురుగా అద్దాలపెట్టె సన్నగా గలగలలాడింది. నేల అదురుకు అన్నాడు కామేశం. కాదు. అసూయ అనే ఆ జబ్బు ఎలా మొదలవుతుందో నాకు తెలుసు.